కాలి కింద కరెంటు

మా నాయన కుడిచెయ్యి నిద్రలో తిరిగేది.
చాప మీద వెల్లకిలా పడుకుని
గాలిలో ఏదో ఇత్తడి పిడి పట్టుకుని
ఒకటి, రెండు, మూడు గాట్లు ముందుకి,
గబుక్కున మళ్ళీ వెనక్కి.
మింటు మలుపులో ఎవరో అడ్డమొచ్చుంటారు.

యాభై మూడు ఏప్రిల్లో ట్రాములు ఆగిపోయాయి.
చెన్నపట్నం పట్టాల మీద తారు పోసుకుంది.
మోటర్‌మన్ చెంగల్రాయుడు
చూలైలో ఒక అచ్చాఫీసులో
కాగితం కత్తిరించే పనికి చేరాడు.
చెయ్యి మాత్రం చేరలేదు.

అంతకు ముందేడు హార్బరులో
చక్కెర మిల్లు యంత్రాలు దిగాయి,
వాటితో ఓటకార్ అనే చెక్ ఫిట్టరు.
క్రేను చెడి, పదకొండు రోజులు పనిలేక,
పారీసు నుంచి మైలాపూరు, మైలాపూరు నుంచి పారీసు
నాయన వెనకే నిలబడి తిరిగాడట,
చొక్కా వీపుకంటుకుపోయినా దిగకుండా.
మా ఊళ్ళో మేమూ ట్రాములే కడతాం, అన్నాడట చివరి రోజు.
ఇద్దరివీ ముక్కల ఇంగ్లీషులే.
ముక్కకి ముక్క అతికింది.

తర్వాత కార్డులు.

మొదటి దాని మీద గుండ్రటి ముక్కు బండి.
అమెరికా వాళ్ళ నమూనా, మా చేతిపని, అని రాశాడు.
రెండో రకం వెడల్పైంది, బరువెక్కింది,
ఇరుకు వీధుల ఊళ్ళు సణిగాయట.
మూడోది అరవైల్లో వచ్చింది:
ఎరుపూ మీగడ రంగూ,
ముఖం గాజునారతో పోతపోసింది.
టీ త్రీ. నాయన ఆ పేరు
పక్కింటి పిల్లని పిలిచినట్టు పిలిచేవాడు.

ఆ కార్డు వెనక ఒక్క మాట:
ఇందులో డ్రైవరు కూర్చుంటాడు, నడిపేది కాళ్ళతో.

నాయన అన్నం సగంలో ఆపాడు.
కూర్చుంటాడా?
ఇరవై రెండేళ్ళు నిలబడి
పిక్కల మీద నరాలు తాళ్ళలా తేలిన మనిషి.
మరి చెయ్యేం చేస్తుంది?
పొత్రం తిప్పమను, అంది అమ్మ.
అప్పట్నుంచి మా ఇంట ఇడ్లీపిండి నాయనే రుబ్బాడు,
మూడు గాట్లు ముందుకి, గబుక్కున వెనక్కి.
పిండి ఎప్పుడూ కాస్త బరకే.

అచ్చాఫీసు బల్ల కింద మూడు చెక్కముక్కలు పరిచాడు.
కుడిది ఉరుకు. నడిమిది ఆపు.
ఎడమది ఊరికే తొక్కి ఉంచాలి,
దాని మీద పాదం లేస్తే
మనిషి పోయాడనుకుని బండి తనే ఆగిపోతుందట.
పెళ్ళిపత్రికల అంచులు కత్తిరిస్తూ
నాయన ప్రాగులో తిరిగాడు.

అరవై ఎనిమిది ఆగస్టు తర్వాత ఏడాదిపాటు కార్డు లేదు.
వచ్చినదాంట్లో వీధుల్లో ఏం జరిగిందో లేదు.
ఈ మధ్య పట్టాలు ఎక్కువ అరుగుతున్నాయి,
అని మాత్రం ఉంది.
నాయన దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు,
నాకర్థం కాలేదు, ఆయనకైంది.

పద్నాలుగు వేలకి ఓ పిడికెడు తక్కువ కట్టారట మొత్తం.
మంచు ఊళ్ళకి వెళ్ళాయి, నది ఒడ్డు ఊళ్ళకి వెళ్ళాయి.
ఇక్కడికొకటి పంపరాదా అని
నాయన నాచేత రాయించాడు, నేను పోస్టు చెయ్యలేదు.
ఆ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది.

ఆయన పోయిన పొద్దున
అందరూ ముఖం చూస్తున్నారు.
నేను ఎడమ పాదం చూశాను.

ఓటకార్ కూతురు యిత్కా ఇప్పుడు ఫోన్లో ఫోటోలు పంపుతుంది.
మెదడు మార్చారు, నడుము కిందికి దించారు
ముసలివాళ్ళు ఎక్కడానికి.
మా నాన్న బిగించిన బోల్టు ఒక్కటైనా మిగిలిందో లేదో,
మలుపులో మూలుగు మాత్రం అదే, అంటుంది.

పురసవాక్కం రోడ్డుకి అడ్డంగా మెట్రో రేకులు.
కింద రాబోయే బండికి డ్రైవరే ఉండడట.
చెయ్యీ వద్దు, కాలూ వద్దు.
నాయనుంటే అన్నం సగంలో ఆపేవాడు.
అమ్మ ఏమనేదో నాకు తెలుసు.

కిటకిటలాడే బస్సులో నిలబడ్డాను.
ముందు ఎవడో స్కూటరు అడ్డం తిప్పాడు,
నా కాలు నేలని గట్టిగా నొక్కింది.
బస్సు ఆగలేదు.
కండక్టరు ఎక్కడికని అడుగుతున్నాడు,
చిల్లర ఎడమ జేబులో ఉంది.