నలభై రెండో నంబరు తీగ

బల్లార్పూర్ బస్టాండు ఎనుక నా వైండింగు దుకాణం.
కూలర్లు, పంపులు, పిండిగిర్ని మోటర్లు,
కాలిపోయినయన్నీ నా దగ్గరికే వస్తయి.
మాడిన వార్నీషు వాసన చొక్కాను పట్టుకొని పోదు.
ఎన్ని సబ్బులు మార్చినా నా భార్యే ఓడిపోయింది.

దుర్గం ఎలీషా తెచ్చింది మోటరు గాదు.
అగ్గిపెట్టెంత నల్లడబ్బి, లోపట అయస్కాంతం,
దాని చుట్టూ తెగిన తీగ.
"గిటారుది మామా, పలుకుతలేదు" అన్నడు.
పద్దెనిమిదేండ్లుంటయేమో అప్పుడు.
వాళ్ళ నాయన రాజుర దిక్కు బొగ్గుబాయిల హాలేజీ నడిపేటోడు.
ఉన్నది ఒక్కటే గిటారు:
చర్చిల ఫిరీ, బరాతుల మూడు వందలు.

ఎంట్రుక కంటె సన్న తీగ, నాగ్‌పూర్ నుంచి తెప్పించిన.
మిషను మీద పెడితే తెగుతది.
ఊపిరి గట్టిగ ఇడిచినా తెగుతది.
చేత్తోనే, లెక్కపెట్టుకుంట చుట్టిన.
వెయ్యి. రెండు వేలు.
ఐదు వేలు దాటినంక రెండో షిఫ్టు భోంగా కూసింది.
చెయ్యి ఉలిక్కిపడ్డది. లెక్క పోయింది.
స్టూలు మీద కూసుండి చూస్తున్నడు ఎలీషా.
వానికి చెప్పలే.
అందాజాగ ముగించి మైనం పోసి ఇచ్చిన,
ఎనభై రూపాయలు తీసుకున్న.

తర్వాత పుణెల నలుగురు పోరగాండ్లతోటి బ్యాండు.
మొదటి ఆల్బం ఎవలూ వినలే,
రెండోది వాళ్ళే మల్ల వినలే.
మూడోది 'తిస్రీ పాళీ', మూడో షిఫ్టు.
అది ఎక్కడెక్కడికి పోయిందో నాకు పేర్లు పలుకరావు.
పదకొండు నెలల టూరు. రాత్రి రెండింటికి ఫోను:
"మామా, ఇక్కడ మంచు. వేళ్ళు కొంకర్లు పోతున్నయి."
ఒకపారి స్టేజి ఎనుక నుంచి జనం చప్పుడు పంపిండు.
దుకాణంల పెట్టి వినిపిస్తే
పంపు కోసం వచ్చిన సాస్తి రైతు
"పావుస్ ఆలా కా?" అని బయటికి పోయి ఆకాశం చూసిండు.

వాని తీగల గరుకు గురించి పెద్ద పెద్దోళ్ళు అడిగిన్రట.
మా బల్లార్పూర్ మామ చుట్టిండన్నడట.
మీటర్లు పెట్టి చూసిన్రు, ఏ కంపెనీ లెక్కకూ కలువలే.
కావాలనే చేసిండు, మొనగాడు, అన్నరట.
నేను వార్నీషు బ్రష్షు కడుగుకుంట ఉన్న.

ఒసాకాల, అరవై ఒకటో షోల, పాట నడుమ
అది సచ్చిపోయింది.
కొత్తది పెట్టిన్రు, ఖరీదైనది.
మిగిలిన ముప్పై షోలు దానితోటే.
"ఎవలకూ తేడా తెల్వలే మామా" అన్నడు.
సంబురంగ అనలే.

మొన్న పార్సిల్ వచ్చింది. నల్లడబ్బి, ఒక చిట్టీ.
'మార్చిల మల్ల టూరు. ఎట్లుండెనో అట్లనే చుట్టు.'

విప్పుకుంట లెక్కిద్దామనుకున్న.
రెండు వేల నూటనలభై దాకా వచ్చింది,
ఆ తర్వాత మైనం పట్టి అంతా పొడి.
సరిగ్గ చుట్టుడు నాకు ముప్పై ఏండ్ల సంది వచ్చు.
తప్పు ఎట్ల చుట్టాలె?
భోంగా ఇప్పుడు కూయదు,
డ్యూటీ టైము ఎవల సెల్లుల వాళ్ళకు మోగుతది.
ఐదు వేల కాడ ఎనుక నుంచి పళ్ళెం కొట్టుమని
నా బిడ్డకు చెప్పిన. నవ్వింది.
"నువ్వు చెప్పినంక నీ చెయ్యి ఎట్ల ఉలికిపడుతది నాయినా?"

ఇప్పుడు నాలుగు వేల తొమ్మిది వందల కాడ ఉన్న.
గడపల ఎవలో ఆడమనిషి, చంకల మిక్సీ.
ఏమన్న అంటదేమో అని చూస్తున్న.
అంటలేదు.
నా లెక్క తప్పుతదని
మర్యాదగ నిలబడ్డది.