ఫ్యాన్ బంద్

ముందుగాల్ల ఆ పిల్ల అన్న మాట:
"ఫ్యాన్ బంద్ చెయ్యిండ్రి."
మే నెల. కాజీపేట. పదకొండు గంటలు.
రేకుల షెడ్డు పెనమైతున్నది.
పన్నెండు మందిమి ఒకరి మొకం ఒకరం చూసుకున్నం.
"గాలికి కెపాసిటర్లు ఎగిరిపోతయి అంకుల్,
మళ్ల దొరకయి" అన్నది ఫర్హీన్.
కాలేజీ ఇంక ఒడువలేదు, మాకు పంతులమ్మ.

నలభై ఏండ్ల సంది రేడియోలు ఇప్పి బిగించిన చేతులు నావి.
నా ఎరుకల రెసిస్టరంటే
గోరెడన్న ఉండేది,
ఒంటి మీద రంగుల పట్టీలు
గోధుమ, నలుపు, ఎరుపు
పేరు అడిగితే చెప్పేది.
ఇప్పుడు తెల్లకాయితం మీద ఒంపిన ఇవి
నువ్వుగింజల సగం.
కెపాసిటరుకైతే ఒక్క అచ్చరం లేదు.
కింద పడ్డదా,
ఇంటిపేరు లేదు, ఊరుపేరు లేదు.

పట్టకారు కొసకు ఒకదాన్ని పట్టిన.
ఊపిరి బిగవట్టిన.
టిక్కుమన్నది.
లేదు.
బల్ల మీద లేదు, అంగి మీద లేదు.
ఓదెలు సెల్‌ఫోన్ లైటేసి బండల సందులు దేవులాడుతున్నడు,
రైల్వే సిగ్నల్ల పనిచేసి దిగిపోయిన మనిషి,
సామాను లెక్క తప్పితే నిద్రపట్టదు ఆయనకు.

పక్క బల్ల కట్టోజు భూపతాచారిది.
కరీంనగర్ నుంచి మొదటి బస్సుకు వచ్చిండు.
వెండిని వెంట్రుక లెక్క సాగదీసి
ఆకులు, నెమళ్లు అల్లేటాయన.
భూతద్దం అడగలేదు.
ఫ్లక్సు వాసన చూసి నవ్విండు:
"మాకు వెలిగారం, మీకు ఇది. ఏం ఫరక్?"
ఒక పక్క టంకం చుక్క పెట్టి
అది కరిగి ఉండంగనే ముక్కను జరిపిండు,
రెండో పక్క అంటిచ్చిండు,
మళ్ల మొదటి పక్కకొచ్చి సముదాయించిండు.
ఫర్హీన్ చెప్పుడాపి ఆయన ఎనుక నిలబడ్డది.
"ఎక్కడ నేర్సుకున్నరు?"
"ఊదుగొట్టం కాడ బిడ్డా.
వేడి మనకు తోచినంత ఇయ్యద్దు,
అది అడిగినంతనే ఇయ్యాలె."

చల్లగాలి వద్దట గని వేడిగాలి కావాలట.
గన్ను పట్టంగనే నా రెసిస్టరు
ఒంటికాలు మీద లేచి నిలబడ్డది.
దీన్ని సమాధిరాయి అంటరట.
ఒక పక్క ముందు కరిగింది, ఒక పక్క ఎనుకబడ్డది,
గంతే తేడా.
మా అన్నతోని మాట్లాడక ఎన్నేండ్లాయె
అని లెక్కేసుకుంట మళ్ల పండవెట్టిన దాన్ని.

చెమట చుక్క కనుబొమ్మ మీదికొచ్చి ఆగింది.
రాలితే బోర్డు మీదనే.
రెండు చేతులు ఖాళీ లేవు.
ఓదెలు ఏం మాట్లాడకుంట
తన దస్తీతోని నా నొసలు తుడిచి పోయిండు.
ఆపరేషన్ థియేటర్ల నర్సమ్మ లెక్క.

నాలుగున్నరకు కరెంటు ఇచ్చినం.
ఆచారిది పలికింది.
ఓదెలుది పలికింది.
నాది మూగది.
ఫర్హీన్ అద్దం కింద పెట్టి చూపిచ్చింది:
రెండు కాళ్ల నడుమ టంకం,
నూలుపోగంత వంతెన.
రాగి జాలి పెట్టి పీల్చేసినం.

శ్...
కొడుతలేని వాన చప్పుడు.
గుండీ తిప్పుకుంట పోతాంటె
నలభై మీటర్ల మీద
ఎవరో మోర్సు కొడుతున్నరు, సన్నగ,
ఎవరినన్న రమ్మని పిలుస్తున్నరు.
అర్థమైన నాలుగచ్చరాలు కాయితం మీద రాసిన.
చెయ్యి అప్పుడు వణికింది,
పొద్దంత వణకంది.

"ఇగ ఫ్యాన్ ఎయ్యిండ్రి" అన్నరు ఎవరో.
రెక్కలు తిరుగంగనే
పన్నెండు మందిమి ఒక్కపారే
బోర్డుల మీద చేతులు అడ్డం పెట్టినం.
అతుకు పడ్డవి ఎగరవని తెల్సి కూడ.

రాత్రి మొకం కడుక్కుంటాంటె
మీసంలకెల్లి ఏదో రాలింది.
బేసిన్ల టిక్కుమన్నది.
ఎంత విలువదో
అది చెప్పలేదు.
నీళ్లు మాత్రం బంద్ చేసిన.