నలభై ఒకటో నంబరు గునపం

శనివారం శనివారం
కూలి కాగితాల మీద
వాళ్ళ బొటనవేళ్ళు పట్టి నొక్కించింది నేనే.
పదకొండేళ్ళు.
సైదాపురం దగ్గర మైకా గనిలో
స్టోరు గుమాస్తాని.

రేకులు వలిచి వలిచి
ఆడవాళ్ళ వేళ్ళకి గీతలుండవు.
సిరా అద్ది నొక్కితే నల్లటి మచ్చ, అంతే.
పోలమ్మదీ అదే, కస్తూరమ్మదీ అదే.
"ఎవరిదైతే ఏందబ్బయా,
రూపాయలు సరిగ్గా ఎంచు" అని నవ్వేవాళ్ళు.

ఇప్పుడూ అవే వేళ్ళు పట్టుకుంటున్నా,
ఢిల్లీకి పోయే కాగితం మీద.

నెల్లూరు వకీలు ఇంగ్లీషులో రాసిచ్చాడు.
తెలుగులో చెప్పమంది పోలమ్మ.
'రాష్ట్రపతి గారి దివ్యసముఖానికి' అంటే ఊకొట్టింది.
'కనికరించి' అనగానే చెయ్యెత్తింది.
"కనికరం అడిగామంటే
మస్తానయ్య చంపాడని మనమే ఒప్పుకున్నట్టు కాదా?"
వకీలుని అడిగి చెప్తానన్నా.
నా మొహంకేసి కాసేపు చూసి
"వద్దులే. ముందు మెడ దక్కనీ,
మాట సంగతి తర్వాత చూద్దాం" అంది.
వేలు ముంచింది.
గోరు కింద కాకిబంగారం ముక్క
మినుక్కుమంది.

గూడూరు నిమ్మకాయల మండీలో
హమాలీలు బస్తాల మీదే పరిచి పెట్టారు.
ఆ నాలుగు కాగితాలూ ఇప్పటికీ పుల్లటి వాసన.
కసుమూరు దర్గా ముందు అత్తరు ముసలాయన
కుడి నుంచి ఎడమకి నిదానంగా రాశాడు,
చివరి చుక్క పెట్టి ఊదాడు.
కండక్టరు టిక్కెట్టు వెనక పేరు గీకి
"అంటించుకో" అని విసిరాడు,
బస్సు ఆగలేదు.
డ్రిల్లు మేష్టారు సంతకం పెట్టి
మర్నాడు తెల్లారకముందే వచ్చాడు, కొట్టెయ్యమని.
కొట్టేశా.
కొట్టేసినా పేరు కనబడతానే ఉంది.

చనిపోయిన ఓవర్సీరు ఇల్లు దారిలోనే.
ఆయన భార్య చెంబుతో నీళ్ళిచ్చింది.
చంకలో కట్ట ఏందని అడగలేదు.
నేనూ చెప్పలేదు.
ఆ నీళ్ళు గొంతులో దిగడానికి
చాలా సేపు పట్టింది.

ఇంక నా సంగతి.

గుంత కూలిన పొద్దున
లోపల ముగ్గురున్నారు.
'పంపు ఆపొద్దు, తాడు దించండి' అని
పైన సంఘం వాళ్ళ కేకలు.
'ఎవరూ దిగడానికి లేదు' అని ఓవర్సీరు.
మస్తానయ్య రొప్పుకుంటా నా కిటికీ దగ్గరికొచ్చాడు:
"గునపం ఇవ్వన్నా, మట్టి తీయాల."
ఇచ్చా. రాసుకున్నా.
నంబరు: నలభై ఒకటి.
తీసుకున్నవారు: మస్తానయ్య.
తిరిగి ఇచ్చినది: ఖాళీ.

కోర్టులో అది బల్ల మీద పెట్టి అడిగారు,
ఎవరికిచ్చావు?
మస్తానయ్యకండీ.
అబద్ధం ఒక్కటీ చెప్పలేదు నేను.
ఎందుకు తీసుకున్నాడని
ఎవరూ అడగలేదు.
అడగందే చెప్పకూడదన్నారు ఇంట్లో.
రిజిస్టర్లో కూడా
'ఎందుకు' అనే గడి లేదు.

రాజమండ్రి జైల్లో వాడికి
ఈ ముక్క గుర్తుండే ఉంటుంది.
ములాఖత్‌కి పోయినోళ్ళతో
నా పేరు ఒక్కసారీ ఎత్తలేదట.
తిట్టుంటే బాగుండు.

రాత్రి లాంతరు ముందు
ఆఖరి కాగితం పరుచుకున్నా.
సంతకం చేశాక చెయ్యి ఆగలేదు.
మార్జిన్లో, వకీలు వద్దన్న చోట,
'గునపం మట్టి తీయడానికే అడిగాడు.
ఇట్లు, నాలుగో సాక్షి' అని రాశా.
చెల్లుతుందో లేదో తెలవదు.
చెల్లకపోతే నా ఉద్యోగం మాత్రం చెల్లిపోతుంది.

పోస్టాఫీసులో కట్ట దించి తీస్తే
తక్కెడ పళ్ళెం నిండా సన్నటి మెరుపు.
"ఏం పంపిస్తన్నావయ్యా,
ఇట్లా రాలతా ఉంది?"
పోస్టుమాస్టరు అరచేత్తో తుడిచాడు.
ఆయన చెయ్యీ మెరిసింది.

రసీదు చేతికొచ్చింది.
చేరవలసిన ఊరు: ఢిల్లీ.
బరువు: ఆరువందల నలభై గ్రాములు.
మడిచి జేబులో పెట్టుకున్నా.
బయట పోలమ్మ నిలబడుంది,
ఎంతయిందని అడిగింది.
ఖర్చు గురించేమో అనుకున్నా.
"ఎన్నాళ్ళవుతుంది" అంది మళ్ళీ.