బఠాణీ వాన

జల్లెడలో రెండు గుప్పిళ్ళ ఎండు బఠాణీలు.
నిదానంగా తిప్పితే తుంపర.
మణికట్టు విసిరితే జడివాన.
అంచుకు జార్చి ఆపితే
చూరు మీంచి రాలే ఆఖరి చినుకు.
నలభై ఒకటో సంవత్సరంలో ఇదీ నా ఉద్యోగం.

లండన్ మీద బాంబులు పడుతున్నాయని
రేడియో వాళ్ళు మమ్మల్ని వేల్స్ సముద్రపొడ్డుకి
ఒక ప్రార్థనా మందిరపు హాల్లోకి తరలించారు.
పైన రేకుల కప్పు.
కింద ఒక పియానో, ఇద్దరు హాస్యగాళ్ళు,
బాతులా అరిచే బూర,
ఏ ఇంటికీ చెందని తలుపొకటి, గడియతో సహా.
దాని పక్కన నేను, మావిస్ ట్రెహర్న్,
అడుగుల చప్పుడు రాకుండా ఒట్టి మేజోళ్ళతో.

గురువారం రాత్రి కురిసిన వాన
శుక్రవారం మధ్యాహ్నం సూప్ అయ్యేది.
మా ఇంటావిడ మిసెస్ ప్రోబర్ట్ ఒక్క గింజ పోనిచ్చేది కాదు.
కూటి కొరకే కదా ఏ విద్యైనా.

ఎడారి నుంచి ఉత్తరం వచ్చింది, మడతల్లో ఇసుకతో.
"మేడమ్, జోకులు మాకు సగమే వినపడతాయి.
బ్యాటరీకి నీరసం, గాలికి పొగరు.
కానీ పోయిన గురువారం మీ వాన మొదలవగానే
ట్రక్కు కింద పడుకున్న ఏడుగురిలో
మా ఆల్విన్ తన బూట్లు లోపలికి లాక్కున్నాడు,
తడుస్తాయని.
ఎవరం నవ్వలేదు.
వచ్చే వారం ఇంకాస్త సేపు కురిపించగలరా?"

స్క్రిప్టులో వానకి పన్నెండు సెకన్లు.
డెస్మండ్ పిక్ ఉత్తరం చదివి, మాట్లాడకుండా
తన జోకొకటి కొట్టేశాడు.
హాస్యగాడు జోకు వదులుకోవడమంటే
రైతు సెంటు నేల రాసివ్వడమే.
వానకి నలభై సెకన్లొచ్చాయి.

వాతావరణం గురించి గాల్లోకి ఒక్క ముక్క పోకూడదు.
ఎండ అనకూడదు, మంచు అనకూడదు,
శత్రువు చెవులు రిక్కించి ఉన్నాడు.
నా వాన పక్కన మాత్రం సెన్సారు పిల్బీమ్ గారు
నీలి పెన్సిలుతో రాసేవారు:
కల్పితం. అనుమతించడమైనది.

నవంబరులో ఒక గురువారం
నేను జల్లెడ ఎత్తకముందే
రేకుల మీద అసలుది మొదలైంది.
కల్పితం కానిది, అనుమతి లేనిది,
ధన ధన ధన మైకులోకి.
పిల్బీమ్ చెయ్యి స్విచ్ మీదికి పోయింది.
స్విచ్ పడితే ఎడారిలో నిశ్శబ్దం.
నేను జల్లెడ అందుకుని
దొంగ వానని దొర వాన మీద కప్పాను.
డెస్మండ్ ఒక్క క్షణం తడబడి, అరిచాడు:
"మావిస్! ఆపమ్మా!
నీ జీతానికి ఇంత వాన ఎక్కువ!"
హాలంతా ఘొల్లుమంది.
పిల్బీమ్ చెయ్యి గాల్లోనే ఆగి
మెల్లగా ఒళ్ళోకి చేరింది.

ఏడు నిమిషాలు.
బఠాణీలన్నీ ఎగిరి నేల మీద దొర్లిపోయాయి.
ఒట్టి జల్లెడే తిప్పుతూ నిలబడ్డాను,
పైన కప్పు నా పని చేస్తుంటే.
ఆ శుక్రవారం సూప్ లేదు.
మోకాళ్ళ మీద పాకుతూ ఏరితే దొరికినవి గుప్పెడు.

జనవరిలో ఇంకో ఉత్తరం. చేతిరాత వేరు.
"నవంబరు వాన విన్నాం మేడమ్.
మొదట అద్భుతం. తర్వాత, ఏమీ అనుకోకండి,
కాస్త కృత్రిమంగా అనిపించింది,
డబ్బా వాయించినట్టు.
పాత పద్ధతే బాగుంది.
మేం నలుగురం ఉన్నాం.
ఆల్విన్ బూట్లు నాకు సరిపోయాయి.
రాత్రిళ్ళు లోపలికే లాక్కుంటున్నాను."

కొత్త బఠాణీల కోసం అర్జీ పెట్టాను.
జవాబు రాయడానికి కూర్చున్నాను.
బయట ఏం కురుస్తోందో
రాయకూడదు.