ఎడమ భుజం

ఆదివారం సంతలో, నేల మీద పరిచిన నీలం పట్టా పైన
పగిలిన మిక్సీ జార్లకీ ఒంటి స్కేటింగ్ బూటుకీ నడుమ
బోర్లా పడుకుని ఉంది, పాచి రంగు మిలిటరీ సంచి.
తొమ్మిదొందలన్నాడు.
నాకొచ్చిన కన్నడమంతా ఖర్చుపెట్టి
ఆరొందల ఇరవైకి దించాను.
ఇంటికొచ్చి కాటా మీద పెడితే
లోపల ఏమీ లేకుండానే రెండున్నర కిలోలు.

మొదటిసారి దేవరాయనదుర్గం మోసుకెళ్ళినప్పుడు
దిగేసరికి భుజాల మీద రెండు ఎర్రటి కాలువలు.
స్నానం చేస్తుంటే నీళ్ళు కూడా
ఆ దారినే మండుకుంటూ పోయాయి.
దీన్ని కుట్టించినవాళ్ళు
ఎంత పడుతుంది, ఎన్నేళ్ళు చిరగదు అని అడిగి ఉంటారు.
మోసేవాడికి ఎలా ఉంటుందన్న గడి
ఆ ఫారంలో లేదేమో.

జె.సి. రోడ్డులో కారు సీట్లు కుట్టే పిళ్ళంజినప్ప
ముళబాగిలు తెలుగులో నవ్వాడు.
"ఏమ్మా, ఇది సంచా, గాడిదా?"
"గాడిదే. కొంచెం మెత్తటి గాడిదను చేసిపెట్టు."
నా కొలతకి టేపు నా చేతికే ఇచ్చి
తను రోడ్డు వైపు తిరిగి చెప్పాడు:
"బరువు భుజానిది కాదమ్మా, నడుముది.
మాయమ్మ నీళ్ళబిందె యాడ పెట్టుకుంటా ఉండె?
నెత్తి నొస్తే చంకకి, చంక నుంచి నడుముకి."

ఏదో గుద్దుకున్న ఇండికాలోంచి సీటు బెల్టు
నాకు నడుం పట్టీ అయింది.
ఆ కారు ఎవరిదని నేను అడగలేదు.
ఒక తలదిండు కోసి ఫోమ్ తీశాడు.
లోపలి ఇనుప చట్రం పీకి
అల్యూమినియం పట్టీని మోకాలి మీద పెట్టి
నా వెన్ను వంపుకి వంచాడు, చూసి, మళ్ళీ వంచాడు.

కుడి భుజం పట్టీ విప్పితే చివికిన గుడ్డ, అంతే.
ఎడమది విప్పుతూ ఆగిపోయాడు.
"ఇది మిషను కుట్టు కాదే."

నీలం దారం. చేతి కుట్టు.
ఒక్క పోగూ ఇంకో పోగుతో సమంగా లేదు,
టార్చి నోట్లో పట్టుకుని కుట్టినట్టు.
లోపల నాలుగు మడతల ఉన్ని మేజోడు,
నొక్కుకుపోయి అట్ట అయిపోయింది.
మడమ దగ్గర రఫ్ఫు చేసి ఉంది.

ఇద్దరం కాసేపు ఏమీ అనలేదు.
పక్క షాపులో ఎవరో హారన్లు ఒక్కొక్కటే మోగించి చూస్తున్నారు.

ఎడమ వైపే ఎందుకు?
విరిగి అతికిన ఎముకో, మానని పుండో,
లేక మిగిలింది ఒక్క మేజోడేనో.
"పారేసేదా?"
"ఉండనీ."
ఫోమ్ కింద దాన్ని అలాగే పెట్టి కుట్టాడు.
నీలం దారం దొరకలేదు, నల్లది వేశాడు.

ఆ రాత్రి కొవ్వొత్తి అరగదీసి గుడ్డంతా రుద్ది
చెల్లెలి హెయిర్ డ్రయ్యర్‌తో కరిగించాను.
మైనం తాగి గుడ్డ నల్లబడ్డ కొద్దీ
మూత మీద తెల్ల పెయింటు అంకెలు పైకి తేలాయి:
ఏడు, ఒకటి, సగం నాలుగు.
ఆ తర్వాతవి ఏ వానలో పోయాయో.

మాకళిదుర్గం బండ ఎక్కేముందు
సీటు బెల్టు టక్కున బిగించాను,
డ్రైవరు లేని కారులో కూర్చున్నట్టు.
నిజమే, బరువు నడుముకి దిగింది.
మెడ తిప్పి
కింద పట్టాల మీద పాకుతున్న గూడ్సుబండి పెట్టెలు
లెక్కపెట్టేంత తీరిక దొరికింది.
పైన టార్పాలిన్ కట్టి, పుల్లలు చెక్కి,
రెండు రాళ్ళ నడుమ టీ గిన్నె పెట్టి
పొగలో కూర్చుని భుజాలు తడుముకున్నాను.

కుడివైపు చిన్న మంట.
ఎడమవైపు ఏమీ లేదు.

సిగ్నల్ దొరికిన చోట నిలబడి ఫోన్ చేశాను.
"కుడిదానికీ ఒక మేజోడు పెట్టాలి."
అటువైపు హారన్ ఒకటి మోగి ఆగింది.
"పెడదాంలే గానీ," అన్నాడు పిళ్ళంజినప్ప,
"ఆ జతలో రెండోదాన్ని
యాడని ఎతికేదమ్మా?"