మలుపు దగ్గర

గురువారం సాయంత్రం మోర్కమ్ గ్రంథాలయంలో
హీటరు పక్కన ఐదు కుర్చీలు.
ఈ నెల పుస్తకం అందరి ఒళ్ళోనూ ఉంది,
నా ఒళ్ళోది మాత్రం వానకి తడిసి లావెక్కింది.

ఎవరిల్ మొదలెట్టింది:
"హంతకుడి గొంతు భలే పట్టాడు.
టీ కలుపుతూ కబుర్లు చెప్తున్నట్టే ఉంటాడు.
నూట పది పేజీల దాకా వాడు నాకు నచ్చాడు.
ఆ రాత్రి రెండుసార్లు లేచి
పెరటి తలుపు గొళ్ళెం చూసొచ్చాను."

నిజమే. ఆ మాట కాదనలేం.
రచయిత భయాన్ని కత్తిలో దాచలేదు,
ఒంటరి ఆడమనిషి సింకులో
కడగని రెండో కప్పులో దాచాడు.

డిల్విన్ మూతి తిప్పాడు:
"చిన్నప్పుడు తల్లి బొగ్గుల గదిలో పెట్టి గడియేసిందట,
అందుకని చంపాడట!
మా వీధిలో సగంమంది బొగ్గుల గదిలోనే పెరిగాం,
ఒక్కడూ పిల్లిని కూడా చంపలేదు."

అందరూ నవ్వుతుంటే పర్వీన్ నవ్వలేదు.
"వాడి బాల్యానికి ఏడు అధ్యాయాలు.
చచ్చిపోయిన పిల్లకి ఒక ఆకుపచ్చ కోటు.
ఏం తినేదో, ఎవరి మీద అలిగేదో
ఒక్క ముక్క లేదు.
శవం దొరికాక కూడా
దొరికింది కోటే."

నా వంతు.
ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపినవాణ్ణి,
నాకు తెలిసిందే చెప్పాను.
"మలుపు తిప్పేటప్పుడు
వెనక నిలబడ్డవాళ్ళున్నారని గుర్తుండాలి.
మొదటి రెండూ బాగా తిప్పాడు,
వెన్నుకి తెలిసింది, చేతిలో కాఫీ ఒలకలేదు.
ఆఖరి ముప్పై పేజీల్లో మూడు మలుపులు:
డాక్టరే అన్నట, ఆ అన్న ఎప్పుడో పోయాడట,
పోయినవాడే ఉత్తరాలు రాశాడట.
నాకు కడుపులో తిప్పింది."
తలలూపారు. బిస్కట్ల డబ్బా నా వైపు జరిగింది.

చెప్పనిది ఒకటుంది.
నూట అరవై నాలుగో పేజీలో
ఆకుపచ్చ కోటు పిల్ల ఆఖరి బస్సు దిగుతుంది.
పోలీసులు వచ్చి అడుగుతారు.
'డ్రైవరు ఏమీ చూడలేదు.'
అంతే, పేరా మారిపోతుంది.

నెత్తి మీద అద్దం ఉన్నవాడు
చూడకుండా ఎలా ఉంటాడయ్యా?
ఎవరు నిద్రపోతున్నారు, ఎవరు ఏడుస్తున్నారు,
ఎవరు తమ స్టాపు దాటిపోవాలని కోరుకుంటున్నారు,
అన్నీ కనబడతాయి.

ఎనభై ఏడు, నవంబరు. హీషమ్ నుంచి ఆఖరి ట్రిప్పు.
సాండీలాండ్స్ దగ్గర తలుపు తెరిచాను,
వాన లోపలికి కొడుతోంది.
ఆ పిల్ల దిగలేదు. కడ్డీ పట్టుకుని నిలబడింది.
బయట షెల్టర్లో మా డిపో ఇన్‌స్పెక్టరు,
డ్యూటీ లేని రోజున, యూనిఫారంలో.
పిల్ల అద్దంలోకి చూసింది,
అద్దంలో ఉన్నది నేను.
ఇంట్లో ఓవెన్లో నా భోజనం ఎండిపోతోంది.
"దిగుతావా, లేదా?" అన్నాను.

తొమ్మిది రోజులకి ప్రెస్టన్‌లో దొరికింది, ప్రాణాలతోనే.
ఎవరికీ ఏమీ చెప్పలేదట.
ఇన్‌స్పెక్టరు రిటైరైనప్పుడు గడియారం ఇచ్చారు,
చందా నేనూ వేశాను, రెండు పౌన్లు.
శవం లేదు కాబట్టి
అందులో పుస్తకానికి పనికొచ్చేది ఏమీ లేదు.

పోలీసతను నోటుబుక్కు తెరిచినప్పుడు
నేనన్నది మూడే మాటలు,
నూట అరవై నాలుగో పేజీలో ఉన్న మూడే.
ఈ రచయితకి ఎవరు చెప్పారో తెలీదు.

నన్నెవరూ బొగ్గుల గదిలో పెట్టలేదు.
మా అమ్మ మంచిది.

"ఐదుకి ఎన్నిద్దాం?" అంది ఎవరిల్.
తలా నాలుగు. నేను మూడన్నాను.
"అయ్యో, ఒకటి ఎక్కడ కోశావు?"
"మలుపుల దగ్గర," అన్నాను.

ఇంటికి పోయే బస్సులో కుర్ర డ్రైవరు
గుడీవినింగ్ చెప్పి అద్దం సర్దుకున్నాడు.
ఆ అద్దానికి అందని సీటు
ఎక్కడుంటుందో నాకు తెలుసు,
వెళ్ళి అక్కడే కూర్చున్నాను.