తీసుకొన నిరాకరించెను

పిటిషన్‌లో అద్దె అని రాస్తాం,
రామగిరి సందుల్లో అందరూ కిరాయంటారు.
ఈ రెండు మాటల నడుమ
నా ఇరవై రెండేళ్ల ప్రాక్టీసు.

కందుకూరి శంభులింగం వచ్చిన రోజు వాన.
గొడుగు మడవకుండానే వరండాలో పెట్టి
"రెండర్రల పోర్షను సార్,
తొమ్మిదేండ్ల సంది కదుల్త లేదు" అన్నాడు.
ఆమె పేరు దుస్స అంశమ్మ, జాకెట్లు కుడుతుంది.
కిరాయి పన్నెండు వందలు.
ఏ నెలా ఆగింది లేదు.
"మరింకేంది?"
"షట్టరు పెడితే ఆరు వేలొస్తయి."

ఆరు వేలు రావడం చట్టంలో కారణం కాదు.
లేని కారణం తయారు చేసినందుకే నాకు ఫీజు.
"ఈ నెల నుంచి పైసలు తీసుకోకు" అన్నాను.
అంతే. ఇంకా చాయ్ కూడా చల్లారలేదు.

ఆమె మూడుసార్లు ఆయన గడప దాకా పోయింది,
తర్వాత గడియారం దాటి పోస్టాఫీసుకు.
పన్నెండు వందలకు అరవై కమిషను,
అంటే ఒక జాకెట్టు కుట్టుకూలి.
నెలనెలా మనియార్డరు పోయింది
నెలనెలా తిరిగొచ్చింది,
మీద పోస్ట్‌మ్యాన్ గొలుసుకట్టు రాత:
తీసుకొన నిరాకరించెను.

బోనులో ఉన్నప్పుడు అడిగాను.
"ఏడు నెలలు కిరాయి కట్టలేదు, నిజమేనా?"
"కట్టిన సారూ. అదే వాపసొచ్చింది."
"ఆయనకు ముట్టిందా లేదా, అంతవరకే చెప్పు."
జడ్జిగారు ఫ్యాను వైపు చూశారు.
ఆమె కొంగు చాటు నుంచి సత్తు డబ్బా తీసింది.
పైన రసీదులు, కింద నోట్లు,
ఏ నెలవి ఆ నెలకు మిషను దారంతో కట్టి.
నడుమ మిషను మోటరు కాలితే
పక్కింట్ల బదులు తెచ్చిందట,
డబ్బా జోలికి పోలేదట.
"ఇవి నావి గావు గద సారూ, ఇంటాయనయి."

అప్పుడు ఎనిమిదో సెక్షను చదివాను.
బ్యాంకు పేరు చెప్పమని ముందు నోటీసియ్యాలి.
చెప్పకుంటే మనియార్డరు,
అదీ వద్దంటే కోర్టులో జమ.
జమ చెయ్యలేదు కనుక ఎగవేత,
అది కూడా బుద్ధిపూర్వకం.

అదే సెక్షన్లో ఇంకో వాక్యం ఉంది,
మనియార్డరు కమిషను కిరాయిలోంచి
మినహాయించుకోవచ్చని.
ఆ వాక్యం దగ్గర గొంతు కొంచెం తగ్గించాను.
ఆమె ఒక్క రూపాయీ మినహాయించలేదు.
పుస్తకం ఎవరూ ఆమెకు విప్పి చూపలేదు.
నేను చూపకూడదు, అది వృత్తి ధర్మం.
ధర్మం అన్న మాట ఇక్కడికెట్లా వచ్చిందో
నాకిప్పటికీ తెలియదు.

తీర్పు మాకే వచ్చింది.
శంభులింగం మిఠాయి పొట్లం తెస్తానని వెళ్లాడు.
వరండాలో ఆమె నా ఎదురుగా నిలబడి
డబ్బా రెండు చేతులతో చాపింది.
"కేసు అయిపాయె గద.
ఇప్పుడన్న తీసుకొమ్మనుండ్రి."

నా చేతుల్లో ఫైలు ఒక్కటే ఉంది.
ఇంకెన్నో ఉన్నట్టు
దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను.

డబ్బా మూత సరిగ్గా పడతలేదు.
ఆమె రెండుసార్లు నొక్కింది.